ఇన్సులిన్ పంపు: రాత్రి నిద్ర, పగటి పని

రోజంతా చర్మం కిందికి ఇన్సులిన్ ఎక్కించే పంపు పెట్టుకోవాలా వద్దా అని అడిగేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఒకటే. రాత్రిళ్ళు భయం లేకుండా నిద్రపోవడానికైతే తప్పకుండా పెట్టుకోండి. పగలు పని తగ్గుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. కొన్నేళ్ళుగా ఇది నా ఒంటి మీదే ఉంది. ఈ మాట ఇప్పటికీ మార్చుకోవలసిన అవసరం రాలేదు.

నేను విజయవాడలో హైస్కూలు టీచర్ని. చిన్నప్పుడే టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. అంటే నా క్లోమం ఇన్సులిన్ తయారు చేయదు. బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే బతకడం సాధ్యం కాదు. కాకరకాయ రసమో మెంతులో తీసుకుంటే ఇది తగ్గుతుందని సలహా ఇచ్చే బంధువులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను. పంపుకు ముందు అన్నం తిన్నప్పుడల్లా త్వరగా పనిచేసే ఇన్సులిన్, రాత్రి పడుకునే ముందు రోజంతా పనిచేసే గ్లార్జిన్ వేసుకునేదాన్ని.

షుగరును గట్టిగా అదుపులో పెట్టుకోవాలని మాకు ఎందుకంత ఒత్తి చెబుతారో మా డాక్టరుగారు ఒకసారి వివరించారు. అమెరికా, కెనడాల్లో టైప్ 1 ఉన్న 1441 మందితో చేసిన డీసీసీటీ అనే అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. గట్టి అదుపు పాటించినవాళ్ళలో కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గిందని అందులో తేలింది. అయితే వాళ్ళలోనే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం సుమారు మూడింతలు పెరిగింది. ఈ రెండో సగం మా ఇంట్లో అందరికీ అనుభవమే. షుగరు తగ్గించాలని పట్టుబడితే అర్ధరాత్రి 50కి పడిపోయేది. ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాట తడబడడం. మావారు గ్లూకోజు నీళ్ళు కలిపి తాగించేవారు. ఆ భయంతో కాస్త ఎక్కువగానే ఉంచుకుని పడుకుంటే తెల్లారేసరికి 250. పంపు నాకు కావాలనిపించింది ఈ రెండింటి మధ్య నలిగి.

నాది నడుముకు పెట్టుకునే, సన్నని ట్యూబు ఉండే రకం. షుగరు చూసే సెన్సర్ వేరుగా చేతికి ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవాటిలో చాలా భాగం ట్యూబు పంపులన్నిటికీ వర్తిస్తుంది. లోపల 3 మిల్లీలీటర్ల రిజర్వాయరు ఉంటుంది, అంటే 300 యూనిట్లు. అందులో నింపేది లిస్ప్రో, అస్పార్ట్ వంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. గ్లార్జిన్ ఇక ఉండదు. దాని బదులు పంపు కొన్ని నిమిషాలకొకసారి అతి చిన్న మోతాదుల్లో ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది. దీన్ని బేసల్ అంటారు. తినే ముందు మనం లెక్క చెప్పి వేయించుకునేది బోలస్. సెన్సర్ ఐదు నిమిషాలకొకసారి పంపే అంకెను చూసి బేసల్‌ను పంపు తనంతట తానే పెంచుతుంది, తగ్గిస్తుంది, షుగరు పడిపోయేలా ఉంటే ఆపేస్తుంది.

దీని గొప్పతనం నాకు తెల్లవారుజామున తెలిసింది. చాలామందికి మూడు, నాలుగు గంటల నుంచి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి షుగరును పైకి తోస్తాయి. ఒకసారి వేసుకున్న గ్లార్జిన్ మోతాదును ఆ గంటల కోసం మాత్రమే పెంచడం కుదరదు. తెల్లవారుజాముకు సరిపోయేంత వేస్తే ఒంటిగంటకు పడిపోతాం. ఒంటిగంటకు సరిపోయేంత వేస్తే తెల్లవారుజామున పెరుగుతుంది. పంపు ఒంటిగంటకు ఇన్సులిన్ తగ్గించి నాలుగింటికి పెంచుతుంది. ఉదయం లేచి గ్రాఫు చూస్తే రాత్రంతా 100కూ 140కీ మధ్య గీత సాఫీగా ఉంటుంది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ గీత చూస్తే నాకు కృతజ్ఞతగా ఉంటుంది. మావారు రాత్రి లేచి నా నుదురు తడిమి చూడడం మానేశారు.

అలవాటు పడడం వారాల్లో అయ్యే పని కాదు. బటన్లు, మెనూలు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. యంత్రాన్ని దాని పని దాన్ని చేసుకోనివ్వడం కష్టం. అంకె 210 కనిపిస్తే ఇంకో రెండు యూనిట్లు వేసేద్దామని చెయ్యి పంపు మీదికి పోతుంది. కానీ గంట క్రితం వేసిన బోలస్ ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. దాని ప్రభావం పూర్తిగా పోవడానికి నాలుగు గంటలు పట్టవచ్చు. పైగా సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది కణజాల ద్రవాన్ని. అందుకే దాని అంకె కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆగి చూడడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది.

షుగరు పడిపోయినప్పుడు తినే తీరు కూడా మారింది. ఇంజెక్షన్ల కాలంలో 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర తిని పావుగంట తరువాత మళ్ళీ చూసుకోవాలన్నది నియమం. ఇప్పుడు పంపు అప్పటికే ఇన్సులిన్ ఆపేసి ఉంటుంది కాబట్టి చాలాసార్లు అందులో సగం సరిపోతుందని డాక్టరుగారు చెప్పారు. అంతకు మించితే షుగరు ఎగిరిపడుతుంది.

ఇక సెట్ సంగతి, అంటే ట్యూబు, దాని చివర చర్మంలోకి వెళ్ళే భాగం. పంపులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, అమ్మేవాళ్ళు తక్కువగా మాట్లాడేదీ ఇదే. ట్యూబు చివర క్యాన్యులా అనే మెత్తని చిన్న గొట్టం చర్మం కింద ఉంటుంది. నేను వాడే రకాన్ని రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. అది లోపల వంగిపోవచ్చు, మూసుకుపోవచ్చు, ఇన్సులిన్ బయటికి కారిపోవచ్చు. ట్యూబులో అడ్డు వస్తే పంపు ఒత్తిడిని బట్టి పసిగట్టి అలారం ఇస్తుంది. ఇన్సులిన్ లోపలికి పోకుండా చర్మం మీదికి కారిపోతే దానికి తెలియదు. యూనిట్లన్నీ ఇచ్చేశాననే అనుకుంటుంది.

ఒక పెళ్ళిలో నాకు ఇదే జరిగింది. భోజనానికి ముందు బోలస్ వేసుకున్నాను. తరువాత షుగరు పెరుగుతూనే ఉంది, 300 దాటింది. అడ్డు ఉందన్న అలారం పంపు ఇవ్వలేదు. పొట్ట దగ్గర చెయ్యి పెడితే తడి, ఆసుపత్రి వాసన. ఇన్సులిన్‌లో కలిపే క్రెసాల్ వంటి నిల్వ రసాయనాల వాసన అది. ఆ వాసన వస్తే లీకు ఉన్నట్టే. సంచిలో ఇన్సులిన్ పెన్ను ఉంది కాబట్టి వెంటనే ఇంజెక్షన్ వేసుకుని, సెట్ మార్చి, కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు ఒంట్లో పెరిగే ఆమ్లాలు) చూసుకున్నాను. గ్లార్జిన్ మీద ఉన్నప్పుడు ఒక పూట తేడా వచ్చినా ఒంట్లో కొంత ఇన్సులిన్ ఉంటుంది. పంపు మీద ఆ నిల్వ ఉండదు. సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు పెరిగి, రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వచ్చే కీటోఅసిడోసిస్ దాకా పోవచ్చు. అందుకే 250 దాటి, పంపుతో వేసిన దిద్దుబాటు మోతాదుకు రెండు గంటల్లో తగ్గకపోతే నేను పంపును నమ్మను. పెన్నుతో వేసుకుని సెట్ మారుస్తాను. వాంతులు మొదలైతే ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. పంపు పెట్టుకునే ప్రతివాళ్ళ ఇంట్లోవాళ్ళకు కూడా ఈ విషయం తెలిసి ఉండాలి.

సెట్‌ను ఉదయం మారుస్తాను, పడుకునే ముందు ఎప్పుడూ మార్చను. ఏదైనా తేడా ఉంటే మెలకువగా ఉన్నప్పుడే బయటపడాలి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన ఇన్సులిన్‌ను వెంటనే నింపితే తరువాత అది వెచ్చబడుతూ బుడగలు కడుతుంది. కాసేపు బయట పెట్టాకే నింపుతాను. కొబ్బరినూనె రాసుకున్న ఒంటి మీద పట్టీ అంటుకోదు. స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక వేసుకోవాలి. పొట్టకు రెండు వైపులా, తొడలు, పిరుదుల పైభాగం, ఇలా చోటు మారుస్తూ ఉండాలి. ఒకే చోట వేస్తే అక్కడ కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఇంకదు.

మా ఊరి ఎండాకాలం గురించి చెప్పాలి. మే నెలలో విజయవాడ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. పంపులోని ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడికి గురైతే పారేయమని సీసాతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. అందుకే వేసవిలో రిజర్వాయరును తక్కువగా నింపి త్వరగా మారుస్తాను. స్కూటరు మీద వెళ్ళేటప్పుడు పంపు బట్టల లోపల, ఎండ తగలకుండా ఉంటుంది. ఉక్కపోతకు పట్టీ అంచులు లేస్తాయి. పైన ఇంకో పట్టీ వేయకపోతే నిలవదు. ఎండాకాలంలో కారణం తెలియకుండా షుగరు పెరుగుతుంటే మొదట ఇన్సులిన్‌నే అనుమానించండి.

చీర కట్టుకునేవాళ్ళకు పంపు ఎక్కడ పెట్టుకోవాలో పెట్టెతో వచ్చే పుస్తకాల్లో ఉండదు. నేను మా దర్జీతో లోపలి లంగాకు నడుము పక్కన చిన్న జేబు కుట్టించుకున్నాను. కుచ్చిళ్ళు దాని మీదికి రాకుండా కాస్త పక్కకు ఉండాలి. ట్యూబు 60 సెంటీమీటర్లదీ 110 సెంటీమీటర్లదీ దొరుకుతాయి. చీరలోకి పొట్టిది నయం. పొడుగుది తలుపు గొళ్ళేనికి చిక్కుకుంటుంది, ఆ లాగుడు బాగా నొప్పి. పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళిన రోజు బోలస్ వేసుకోవడానికి ఒక మూల వెతుక్కోవాలి. ఆ ఇబ్బంది నిజమే. దానికి నాకు ఇంకా మంచి ఉపాయం దొరకలేదు.

తిండి లెక్క మాత్రం పూర్తిగా మన మీదే. నాకు 10 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములు ఉంటాయి. మా ఇంటి ఇడ్లీకి 12 గ్రాములు వేసుకుంటాను. హోటలు ఇడ్లీ పెద్దది కాబట్టి ఇంకొంచెం. బంగినపల్లి గుజ్జు 100 గ్రాములకు 15. మామిడిపండు మానేయకుండా వేసవి గడపగలగడం నాకు పెద్ద విషయం. పెసరట్టు నెమ్మదిగా పెంచుతుంది. బిర్యానీ అసలు పరీక్ష. అందులోని నెయ్యి, మాంసం వల్ల అన్నం ఆలస్యంగా అరుగుతుంది, షుగరు మూడు నాలుగు గంటల తరువాత పెరుగుతుంది. అప్పుడు పంపు నెమ్మదిగా సర్దుతుంది, కానీ మొదటి లెక్క ఎంతో కొంత దగ్గరగా ఉంటేనే. బోలస్ తినడానికి పది పదిహేను నిమిషాల ముందు వేసుకోవాలి. మా అత్తయ్య వడ్డించే ముందు "మిషన్‌కు చెప్పావా అమ్మా?" అని అడుగుతారు. నన్ను ఇంతకంటే బాగా చూసుకున్న మాట ఇంకొకటి లేదు.

కార్తీక సోమవారం ఉపవాసం గురించి చాలామంది అడుగుతుంటారు. డాక్టరుగారిని అడిగి, వాళ్ళు సరే అన్నాకే ఉంటున్నాను. తినకపోతే బోలస్ ఉండదు, బేసల్ ఒక్కటే నడుస్తుంది, పడిపోయేలా ఉంటే అదీ ఆగుతుంది. నా షుగరు 80 అయితే మాత్రం ఉపవాసం అక్కడితో సరి.

సెన్సర్ అలారాలు మొదట్లో ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేశాయి. ఎక్కువైతే మోగే హద్దును 180 నుంచి 250కి మార్పించుకున్నాక ప్రశాంతంగా ఉంది. సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే అక్కడ ఒత్తిడికి అంకె దొంగగా 60 అని చూపిస్తుంది. నమ్మి చక్కెర తినే ముందు వేలు గుచ్చి చూసుకోవడం మంచిది. పదో తరగతి పరీక్షల డ్యూటీలో ఫోన్లు లోపలికి రానివ్వరు. పంపు చూసి ఫోను అనుకుంటారు కాబట్టి డాక్టరు ఉత్తరం ముందే చూపిస్తాను. విమానాశ్రయంలో పంపును ఎక్స్‌రే యంత్రంలోకి పంపకుండా చేతితో తనిఖీ చేయమని అడుగుతాను. ఎంఆర్ఐకి వెళ్తే పంపు, సెన్సర్ రెండూ తీసేయాలి.

ఖర్చు దగ్గరికి వస్తే నాకు బాధ కలుగుతుంది. పంపు ధర లక్షల్లో. అది ఒకసారి పెట్టేది. నెలనెలా సెట్లకు, రిజర్వాయర్లకు, సెన్సర్లకు మా ఇంట్లో ఇరవై వేల చుట్టూ అవుతోంది. నా ఆరోగ్య బీమా వీటిలో దేనికీ రూపాయి ఇవ్వలేదు. ఇద్దరి జీతాలు ఉన్న ఇల్లు కాబట్టి మాకు నడుస్తోంది. మా బడిలో చదివే ఒక పాపకు టైప్ 1 ఉంది. వాళ్ళ నాన్నగారు ఆటో నడుపుతారు. ఆ పాపకు పంపు గురించి చెప్పడానికి నాకు నోరు రాదు. పెన్ను, స్ట్రిప్‌లు, తిండి లెక్క నేర్పిస్తున్నాను. వాటితో కూడా షుగరును బాగా చూసుకోవచ్చు. పంపు లేకపోతే అదుపు సాధ్యం కాదని ఎవరైనా అంటే నమ్మకండి.

నా అంకెలు చెబుతాను. 70 నుంచి 180 మధ్య ఉండే సమయం ఇంజెక్షన్ల కాలంలో సగానికి అటూ ఇటూ. ఇప్పుడు నూటికి 75 దాకా ఉంటోంది. నూటికి 70 దాటితే మంచిదని డాక్టర్లు అంటారు. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ 8.4 నుంచి 7కు వచ్చింది.

ఈ పంపు వారంటీ ముగియబోతోంది. మళ్ళీ కొంటాను. ఈసారి డబ్బు కట్టే ముందు నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకుంటాను. సెట్లు ఆలస్యమైతే ఎవరిని అడగాలి, రాత్రిపూట ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారా, పంపు పాడైతే బదులు పంపు ఎన్ని రోజుల్లో ఇస్తారు, సెన్సర్ మధ్యలో చచ్చిపోతే కొత్తది ఇస్తారా. గ్లార్జిన్ పెన్ను ఒకటి, దాని మోతాదు రాసిన చీటీతో సహా, మా ఫ్రిజ్ తలుపులో ఇప్పుడు ఉన్నట్టే అప్పుడూ ఉంటుంది. పంపు ఆగిపోయిన రోజు కావలసింది అదే.