డ్యురాండ్: పాత వైన్ సీసా బిరడాకి రెండు రేకులు, ఒక మర

సెల్లార్‌లో ఇరవై, ముప్పై ఏళ్లు పడుకోబెట్టిన సీసాని తెరిచేటప్పుడు ముందుగా మొండికేసేది బిరడా. సుమారు 24 మిల్లీమీటర్ల లావున్న కార్కుని నొక్కి, 18.5 మిల్లీమీటర్ల మెడలో దూరుస్తారు. అది తిరిగి ఉబ్బాలని గాజుని తోస్తూ ఉంటుంది కాబట్టే సీసా మూసుకుని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సాగే గుణం పోతుంది. వైన్ తగిలే అడుగు భాగం నాని మెత్తబడుతుంది, పైభాగం ఎండి పెళుసవుతుంది, పక్కలు అక్కడక్కడా గాజుకి అతుక్కుపోతాయి. అలాంటి బిరడా లాగితే ముక్కలవుతుంది, నొక్కితే సీసాలో పడుతుంది. కొన్నైతే రెండూ చేస్తాయి: పైన పొడి రాలుతూ ఉంటే కింద జారుతూ ఉంటుంది. డ్యురాండ్ అనే బిరడా తీసే పనిముట్టు అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే.

మామూలు వెయిటర్ కార్కుస్క్రూ బిరడాని నడిమధ్యన పట్టి లాగుతుంది. గోడలకి అంటుకున్న పాత బిరడాలో నడిమి గుజ్జు మాత్రమే ఊడొచ్చి, మిగతాది గొట్టంలా మెడలోనే ఉండిపోతుంది. పైగా మీటతో ఎత్తేటప్పుడు బలం కాస్త పక్కకి పడుతుంది. పొడి భాగం, తడి భాగం కలిసే చోట పుటుక్కున విరుగుతుంది. ఆ-సో అనే రెండు రేకుల పనిముట్టు మధ్యలో చిల్లు పెట్టదు. దాని రేకులు బిరడాకీ గాజుకీ మధ్య దూరి అతుకుని విడదీస్తాయి. పొడిపొడిగా ఉన్నా బిగువు తగ్గని బిరడాకి ఇదే చాలు. అయితే రేకులు దిగాలంటే కిందికి నొక్కాలి కదా, వదులు బిరడా ఆ నొక్కుడికే జారిపోతుంది.

డ్యురాండ్‌లో రెండు విడి భాగాలుంటాయి. ఒకటి పొడవైన మర, దానికి పిడి, కింద ఒక అడ్డపట్టీ. రెండోది పొడవు పొట్టి రేకులున్న ఆ-సో లాంటి పిడి. మొదటి భాగం మీద సరిగ్గా కూర్చుంటుంది. మర బిరడాని పైనుంచి పట్టుకుని వేలాడదీస్తుంది, అడ్డపట్టీ సీసా అంచు మీద ఆని ఆ బరువు మోస్తుంది. అందువల్ల రేకుల్ని ఎంత కిందికి దించినా బిరడా దిగదు. ఉపాయం ఇంతే, కానీ పాత సీసాల విషయంలో ఇంతకంటే బాగా పనిచేసే చేతి పనిముట్టు లేదని మా అభిప్రాయం.

మరని నిలువుగా, బిరడా నడిమధ్యన మొదలుపెట్టాలి. తొలి రెండు చుట్లు చాలా నెమ్మదిగా, పైనుంచి బరువు వేయకుండా తిప్పండి. బిరడా కూడా మరతోపాటు తిరుగుతుంటే అది వదులుగా ఉందన్నమాట. మరని కాస్త పక్కకి ఆనించి బిరడాని గాజుకి తగిలేలా పట్టి తిప్పితే కొస దిగుతుంది. అడ్డపట్టీ అంచు మీద గట్టిగా ఆనేదాకా తిప్పడం తప్పనిసరి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పట్టీకి, అంచుకి మధ్య సందు మిగిలితే రేకులు దించేటప్పుడు ఆ సందు మేరకి బిరడా దిగిపోతుంది, డ్యురాండ్ కాస్తా మామూలు ఆ-సో అయిపోతుంది.

తర్వాత రెండో భాగం. ముందు పొడవు రేకు కొసని బిరడాకీ గాజుకీ మధ్య పెట్టి, ఆపైన పొట్టి రేకుని అందించి, అటొకసారి ఇటొకసారి ఊపుతూ దించాలి. ఒక్కో ఊపుకి రెండు, మూడు మిల్లీమీటర్లు దిగితే చాలు. ఎక్కడైనా అడ్డం పడితే బలం పెట్టకండి. కొద్దిగా వెనక్కి తీసి మళ్లీ దించండి. రేకు కొస వంగిందంటే ఆ పనిముట్టు ఇక బిరడాని చీరుతుందే తప్ప విడదీయదు. పై పిడి వచ్చి మర పిడి మీద కూర్చున్నాక రెండింటినీ కలిపి ఒకే గుప్పిట పట్టి, మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. తిప్పడం వల్ల అతుకు విడుతుంది, లాగడం దాని వెంటే రావాలి. చివరి సెంటీమీటరు దగ్గర వేగం ఇంకా తగ్గించండి, లేకపోతే అడుగున పేరుకున్న మడ్డి కదులుతుంది.

లోపాలున్నాయి. పొట్టి బిరడాల్లో మర కొస అడుగు చీల్చుకుని బయటికొచ్చి కాస్త రజను రాలుస్తుంది. ప్లాస్టిక్ బిరడాలకి, బిగువు తగ్గని కొత్త కార్కులకి ఇది పనికిరాదు. రేకులు దూరవు, బలవంతం చేస్తే వంగుతాయి. పోర్ట్ అనే తీపి వైన్ పాత సీసాల మెడ కొన్నిసార్లు మధ్యలో ఉబ్బి ఉంటుంది, బిరడా ఆ ఉబ్బులో కూర్చుంటుంది. అది ఇరుకు మూతి గుండా పూర్తిగా రాదు. అలాంటి వాటికి కాల్చిన పటకారుతో మెడ పట్టుకుని, తడిగుడ్డ తాకించి గాజునే విరగ్గొట్టే పద్ధతి ఉంది, చేయి తిరిగినవాళ్లకే అది తగును. డ్యురాండ్ ఖరీదు కూడా ఆ-సో కంటే చాలా ఎక్కువ. ఇరవై ఏళ్లు దాటిన సీసాలు మీ దగ్గర పట్టుమని పది లేకపోతే ఆ-సోతో సరిపెట్టుకోవచ్చు.

డ్యురాండ్‌ని కొరావిన్‌తో పోల్చి అడుగుతుంటారు. 2013లో వచ్చిన ఆ పరికరం బిరడాలోంచి సన్నటి సూది దింపి, ఆర్గాన్ వాయువు నింపుతూ వైన్ తీస్తుంది. సూది తీశాక చిల్లు మూసుకోవాలంటే కార్కుకి సాగే గుణం ఉండాలి, పాత బిరడాలో లేనిదే అది. పైగా గ్లాసు గ్లాసుకీ సీసాని వంచితే మడ్డి కలిసిపోతుంది. పాత సీసాకి దాన్ని మేము సూచించము.

పనిముట్టు ఎంత మంచిదైనా ముందు చేయాల్సిన పని వేరే ఉంది. సీసాని ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టండి, మడ్డి అడుక్కి చేరుతుంది. అప్పుడే వైన్ మట్టం చూడండి: మెడ కింద భుజాలున్న బోర్డో రకం సీసాలో అది భుజం మధ్యకి దిగి ఉంటే బిరడా వదులై ఉండే అవకాశం ఎక్కువ, మరని ఇంకా తేలిగ్గా మొదలుపెట్టాలి. బిరడా మీద సీసా మూతికి తొడిగిన రేకు మూతని పూర్తిగా తీసేయండి, లేకపోతే డ్యురాండ్ రేకులకి అడ్డం వస్తుంది. పాత మూతలు సీసంతో చేసినవి కావచ్చు. అమెరికా 1996లో వాటిని నిషేధించింది. అందుకే బిరడా తీయకముందు, తీశాక కూడా తడిగుడ్డతో అంచు తుడవాలి. మూత కింద నల్లటి బూజు కనిపిస్తే కంగారు వద్దు, అది సెల్లార్ తేమ వల్ల పట్టేది.

తేట వైన్‌ని వేరే పాత్రలోకి వంచుకునేటప్పుడు సీసా భుజం వెనక చిన్న దీపం పెట్టుకోండి. మధ్యలో ఆగకుండా ఒకే ధారగా వంచి, మడ్డి భుజం దాకా రాగానే ఆపేయాలి. రజను పడి ఉంటే సన్నటి స్టీలు జల్లెడ చాలు; కాగితం వడపోత వాడితే ముందు నీళ్లతో తడపండి, లేకపోతే కాగితం వాసన పడుతుంది. బాగా వయసైన వైన్‌ని గంటల తరబడి గాలికి వదలొద్దు, వంచగానే రుచి చూసి అక్కణ్నించి నిర్ణయించుకోండి.

వాడిన వెంటనే రేకుల్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి తుడవాలి. తీపి వైన్ తడి ఎండి రేకు మీద గట్టిపడితే తర్వాతి సీసా మెడలో అదే అడ్డం పడుతుంది.