ఎరుపు, పచ్చ విడిపోవాలి: ఏడేళ్లుగా వాడుతున్న ఫిష్ ప్రోబ్

గుంటూరు కొత్తపేటలోని మా ల్యాబ్‌లో ఈడబ్ల్యూఎస్‌ఆర్1 బ్రేక్-అపార్ట్ ప్రోబ్ (ఆ పేరున్న జన్యువు తెగిందో లేదో చూపించే, రంగుల్లో మెరిసే డీఎన్‌ఏ ముక్కలు) వాడడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. స్లయిడ్లు చేసేది నేను, రిపోర్టు రాసేది మా మేడమ్. అంతకుముందు ఈవింగ్ సార్కోమా (ఎక్కువగా ఎముకల్లో వచ్చే ఒక క్యాన్సర్) అనుమానం వస్తే బ్లాకు (మైనంలో బిగించిన గడ్డ ముక్క) హైదరాబాదుకు పంపి ఎదురుచూడాల్సిందే. కొత్తలో బిల్లు మీద ఈ పరీక్ష పొట్టిపేరు ‘ఫిష్’ (ఫ్లోరెసెన్స్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్) అని చూసి "చేపల టెస్టా బాబూ?" అని అడిగిన పెద్దాయన ఇంకా గుర్తున్నాడు.

22వ క్రోమోజోము మీది ఈ జన్యువుకి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క ఆకుపచ్చ రంగు అంటుకుంటాయి. జన్యువు బాగుంటే రెండూ కలిసి పసుపు చుక్కలా కనబడతాయి. తెగితే ఎరుపొకచోట, పచ్చొకచోట. మేం పాటించే లెక్క ప్రకారం మధ్యలో రెండు చుక్కల వెడల్పుకు మించి ఎడం ఉంటేనే తెగినట్టు. అలా వంద కణాలు చూడాలి. మొదటి ఏడాది కాస్త ఎడం కనబడితే చాలు, తెగిందని రాసుకునేవాణ్ణి. సగం మేడమ్ కొట్టేసేవారు.

ప్రోబ్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. మైనస్ 20 డిగ్రీల్లో, వెలుతురు తగలకుండా పెడితే గడువుదాకా మెరుపు తగ్గలేదు. మే నెల ఎండల్లో పార్సెల్ వస్తుందంటే మాత్రం టెన్షనే.

అసలు తంటా ముక్క మా దాకా రాకముందే జరుగుతుంది. పిడుగురాళ్ల వైపు నుంచి ఒక కుర్రాడి కాలి ఎముక బయాప్సీ వచ్చింది. బయటెక్కడో ఎముక మెత్తబడడానికి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టారు. పెప్సిన్ (ప్రోటీన్లను కరిగించే ఎంజైము) టైము మార్చి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచి రెండుసార్లు చేశాను. నీలంగా కేంద్రకాలు కనబడుతున్నాయి, చుక్క ఒక్కటీ లేదు. యాసిడ్‌కి డీఎన్‌ఏ పాడైపోయింది. అదృష్టం కొద్దీ ఎముక దాటి కండలోకి పాకిన గడ్డ ముక్క వేరే బ్లాకులో ఉంది, దానికి యాసిడ్ తగల్లేదు. అందులో చుక్కలు చక్కగా విడిపోయి కనిపించాయి. అప్పట్నుంచి సర్జన్లకు ఫోన్ చేసి మరీ చెబుతున్నాం: మెత్తటి ముక్క విడిగా పంపండి, ఎముకైతే ఈడీటీఏలో (డీఎన్‌ఏ చెడకుండా నెమ్మదిగా మెత్తబరిచే రసాయనం) వెయ్యండి, ఆలస్యమైనా పర్లేదు అని.

చుక్కలు విడిపోతే ఈవింగ్ అనేసుకోకూడదు. జన్యువు తెగిందని చెబుతుందేగానీ, వెళ్లి దేనితో అతుక్కుందో ఈ ప్రోబ్ చెప్పదు. ఈవింగ్‌లో ఎక్కువగా ఎఫ్‌ఎల్‌ఐ1 అనే జన్యువుతో, క్లియర్ సెల్ సార్కోమాలో ఏటీఎఫ్1తో, డెస్మోప్లాస్టిక్ ట్యూమర్లో డబ్ల్యూటీ1తో అతుక్కుంటుంది. మూడింట్లోనూ మాకు కనబడేది ఒకటే. ఈవింగ్‌లోనే ఈఆర్‌జీ అనే జన్యువుతో అతికితే ఇంకో చిక్కు. ఆ జన్యువు ఎదురు దిక్కుకు తిరిగి ఉంటుంది కాబట్టి మార్పు మెలికలు తిరుగుతుంది, ఒక్కోసారి చుక్కలు విడిపోయినట్టే కనబడవు. అలాంటి కేసు ఒకటి నేను నెగటివ్ అన్నాను. కణాల తీరు చూసి మేడమ్ ఒప్పుకోలేదు, దేనితో అతికిందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు పంపారు. ఈఆర్‌జీయే వచ్చింది.

సైనోవియల్ సార్కోమా అనే ఇంకో క్యాన్సర్ కోసం తెప్పించిన ఎస్‌ఎస్‌18 ప్రోబ్ ఈమధ్య ఫ్రీజర్లోనే ఉంటోంది. ఎస్‌ఎస్‌18, ఎస్‌ఎస్‌ఎక్స్ జన్యువుల అతుకుతో పుట్టే ప్రోటీన్‌ని నేరుగా పట్టే యాంటీబాడీ వచ్చాక మామూలు ఐహెచ్‌సీ (యాంటీబాడీతో రంగు తెప్పించే పరీక్ష) స్లయిడ్‌తోనే చాలా కేసులు తేలిపోతున్నాయి, ఖర్చూ తక్కువే. ఈ నెలతో ఆ ప్రోబ్ గడువు అయిపోతోంది. ఆర్డరు కాగితంలో ఈసారి ఈడబ్ల్యూఎస్‌ఆర్1 ఒక్కటే రాశాను.