కొన్న బొమ్మల పుస్తకమా, పిల్లలే చేసిన పుస్తకమా: కుటుంబాల పాఠానికి ఏది మేలు?

విజయవాడ, గుంటూరు బడుల్లో గుణదల తిరునాళ్లకు వెళ్లే పిల్ల, రంజాన్‌కు షీర్ ఖుర్మా పంచే పిల్లాడు, తండా నుంచి హాస్టల్‌కు వచ్చిన అమ్మాయి ఒకే బెంచీ మీద కనిపిస్తారు. వాళ్ల ఇళ్ల సంగతులు ఒకరివొకరికి తెలియడానికి ఏ పుస్తకం పెట్టాలన్నది పిల్లల వయసును బట్టి ఉంటుంది.

రెండో తరగతి దాకా అచ్చు పుస్తకమే మేలు. కథలోని పిల్ల గురించి మాట్లాడితే చాలు, ఎవరూ తమ ఇంటి గుట్టు విప్పక్కర్లేదు. తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థలు తెలుగులోనూ బొమ్మల పుస్తకాలు వేశాయి. కొనేముందు నాలుగు పేజీలు పైకి చదవండి. అనువాదం నోరు తిరక్కపోతే పిల్లలు వినరు. 30 మందికి ఒక్క పుస్తకం చూపిస్తే వెనక వరుసలకు బొమ్మ ఆనదు, రెండు జట్లు చేయండి.

డబ్బు తక్కువైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. కథలు ఉచితం, రచయిత పేరు ఉంచి ప్రింటు తీసుకోవచ్చు. నలుపు-తెలుపు జెరాక్స్ మాత్రం వద్దు, రంగు బొమ్మల్లో ముఖాలు మసిబారిపోతాయి.

మూడో తరగతి నుంచి పిల్లలు చేసే పుస్తకానికే నా ఓటు. పక్కనున్నవాడి ఇల్లు ఏ అచ్చు పుస్తకంలోనూ దొరకదు. ఎ4 కాగితంతో చేస్తే పేజీ మరీ చిన్నదవుతుంది, ఎ3 తీసుకోండి. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. పొట్టి అంచులు కలిసేలా మళ్లీ మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత వెంట తర్వాతి మడత దాకా కత్తిరించాలి. అక్కడ ఆపకపోతే కాగితం రెండు ముక్కలే. విప్పి, పొడవుగా మడిచి, రెండు కొసలూ లోపలికి నెడితే అట్టతో కలిపి 8 పేజీల పుస్తకం. స్టేప్లర్ అక్కర్లేదు. బొమ్మలన్నీ ఒకే వైపు ఉంటాయి కాబట్టి స్కెచ్ పెన్ను ఇంకినా ఫర్వాలేదు. పాత ఫొటోలకు జెరాక్స్ తీసి అతికించండి, అసలువి ఇంటికే పంపేయండి.

ఈ పని చెడేది ప్రశ్నల దగ్గర. వంశవృక్షం గీయమంటే తండ్రి లేని పిల్ల ఖాళీ గడి ముందు కూర్చుంటుంది. మన దగ్గర ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టే, ఆ గడి అసలు పెట్టొద్దు. ‘నీకు అన్నం పెట్టేదెవరు? వాళ్లు చిన్నప్పుడు ఏ ఊళ్లో ఉండేవాళ్లు? ఏ పని చేసేవాళ్లు? ఇంట్లో ఏ పాట పాడతారు?’ అని అడగండి. పండగలూ వంటలతోనే సరిపెడితే పుస్తకాలన్నీ ఒక్కలాగే వస్తాయి. మిర్చి యార్డులో మూటలు మోసిన తాత, మంగళగిరిలో మగ్గం నేసిన అమ్మమ్మ అందులోకి రావాలంటే పని గురించి అడగాల్సిందే.

మార్కులు వేయొద్దు. తరగతిలో తగిలించే ముందు ఆ పిల్లనే అడగండి. వద్దంటే బ్యాగులో పెట్టుకోనివ్వండి.