మగవాళ్ల ఛాతీ సమస్యకి వెళ్లదగ్గ క్లినిక్: ముందు పరీక్ష, తర్వాతే ఆపరేషన్ మాట

గైనకోమాస్టియాకి, అంటే మగవాళ్లకి ఛాతీలో రొమ్ము గ్రంథి పెరిగే సమస్యకి, హైదరాబాద్‌లో డాక్టర్‌ని వెతుక్కుంటున్న వాళ్ల కోసం కాస్త వివరంగానే రాస్తున్నాను. ఎందుకంటే ఈ సమస్య ఉన్న మగపిల్లలు ఇంట్లో చెప్పుకోలేరు, ఫ్రెండ్స్‌కి అసలే చెప్పుకోలేరు, రాత్రిపూట ఫోన్‌లో వెతికి ఏ యాడ్ ముందు కనిపిస్తే ఆ నంబర్‌కి ఫోన్ చేసేస్తారు. అమీర్‌పేటలో ఉన్న ఈ క్లినిక్ నాకు బాగా నచ్చింది. కారణం ఒక్కటే, మొదటిసారి వెళ్లినప్పుడు ఆపరేషన్ ఊసే ఎత్తలేదు, అసలు ఇది ఎందుకొచ్చిందో తేల్చే పని ముందు పెట్టుకున్నారు.

ఇక్కడికి రాకముందు ఇంకో చోటికి వెళ్లాను, పేరు రాయను. అక్కడ డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ అని ఒకావిడ కూర్చోబెట్టి, ఆపరేషన్‌కి ముందు, తర్వాత అని ఫోటోలు చూపించి, ఈఎంఐ వివరాలు చెప్పి, ఈ వారంలో బుక్ చేసుకుంటే డిస్కౌంట్ ఉందంది. హార్మోన్ టెస్టులు ఏమైనా చేయించాలా అని అడిగితే అవేం అక్కర్లేదు సార్ అనేసింది. ఒంటి మీద కత్తి పెట్టే విషయంలో ఇలా తొందరపెట్టడం చాలా తప్పు, నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇక్కడ డాక్టర్ గారు వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల కింద పెట్టుకోమని, బొటనవేలినీ చూపుడువేలినీ ఛాతీకి రెండు పక్కల నుంచి చనుమొన వైపు మెల్లగా దగ్గరికి తెచ్చారు. చనుమొన కిందే గుండ్రంగా, నొక్కితే చెప్పు రబ్బరులా గట్టిగా ఒక బిళ్ల వేళ్లకి అడ్డం తగులుతుంది, అదే గ్రంథి. అలా ఏదీ తగలకుండా వేళ్లు నేరుగా చనుమొన దాకా వచ్చేస్తే అది వట్టి కొవ్వు, బరువు తగ్గితే చాలావరకు తగ్గుతుంది. మీరే ఒకసారి చూసుకోండి అని నా వేళ్లతో కూడా పట్టి చూపించారు. జిమ్‌లో బెంచ్ ప్రెస్ ఎంత చేసినా ఇది ఎందుకు పోలేదో నాకు అప్పుడు అర్థమైంది. వ్యాయామం కండ పెంచుతుంది, కొవ్వు తగ్గిస్తుంది, గ్రంథిని మాత్రం కరిగించలేదు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడుతున్నారా, జిమ్‌లో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారా, బీపీకి గానీ గుండెకి గానీ స్పైరొనోలాక్టోన్ ఉందా, మానసిక సమస్యలకి రిస్పెరిడోన్ లాంటివి వాడారా, మందు ఎంత తాగుతారు, అన్నీ అడిగారు. మగవాళ్ల ఒంట్లో కూడా ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కొంత ఉంటుందట, దానికీ మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కీ మధ్య లెక్క తప్పితే గ్రంథి పెరుగుతుంది, ఆ లెక్కని మందులూ తప్పించగలవు, లివర్, కిడ్నీ, థైరాయిడ్ జబ్బులూ తప్పించగలవు. వృషణాలు కూడా చూస్తారు, అక్కడ సిగ్గుపడి వద్దనకండి, అరుదుగానే అయినా వృషణాల్లో గడ్డ ఉండి దాని వల్ల ఛాతీ పెరిగే కేసులున్నాయి. రక్తంలో టెస్టోస్టిరాన్, ఈస్ట్రాడయోల్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ అనే హార్మోన్లు, థైరాయిడ్, లివర్ చూసి, అల్ట్రాసౌండ్ చేశారు. నావన్నీ నార్మల్. టీనేజీలో మొదలై పోకుండా ఉండిపోయిందని తేలింది.

వెయిటింగ్ హాల్లో ఎనిమిదో తరగతి పిల్లాడిని తీసుకుని నల్గొండ నుంచి వచ్చిన ఒకావిడతో మాటలు కలిశాయి. "ఏ మందూ రాయలేదు బాబూ, ఆరు నెలలాగి రమ్మన్నారు, ఇంత దూరం వచ్చింది దీనికేనా" అని బాధపడ్డారు. మీకు మంచి డాక్టర్ దొరికారమ్మా అని చెప్పాను. 12, 14 ఏళ్ల వయసులో హార్మోన్లు మారేటప్పుడు మగపిల్లల్లో ఇది చాలా మామూలు, ఎక్కువమందికి ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు దానంతటదే పోతుంది. ఆ వయసు పిల్లాడికి తొందరపడి ఆపరేషన్ అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. అలాగని వెక్కిరిస్తున్నారని పిల్లాడు చెప్తే తేలిగ్గా తీసుకోవద్దు. నా స్కూల్ రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, ఇంట్లో వ్రతం అంటే చాలు, ఎండాకాలం అయినా సరే కండువాకి రెండు వైపులా పిన్నీసులు పెట్టుకుని పీటల మీద కూర్చునేవాణ్ణి.

మందులతో పోతుందా అని చాలామంది అడుగుతారు. కొత్తగా వచ్చి నొప్పి ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ పనిని అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర కొందరికి పనిచేస్తుంది, అది కూడా డాక్టర్ చూసి ఇస్తేనే. ఏడాది దాటితే గ్రంథి పీచుగా గట్టిపడిపోతుంది, ఇక మాత్రలకి తగ్గడం కష్టం. నాది ఎప్పుడో ఆ దశ దాటిపోయింది కాబట్టి సర్జరీయే. ముందు లైపోసక్షన్‌తో, అంటే సన్నటి గొట్టంతో చుట్టూ ఉన్న కొవ్వు పీల్చేసి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున చిన్న అర్ధచంద్రం కోత పెట్టి గ్రంథి తీశారు. చనుమొన కింద పలచటి పొర వదిలేస్తారు, మొత్తం గీకేస్తే అక్కడ గుంట పడుతుంది. రక్తం గూడుకట్టడం, నీరు చేరడం, తిమ్మిరి, రెండు వైపులా కొంచెం తేడా రావడం లాంటి ఇబ్బందులన్నీ సర్జన్ గారు ముందే కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. తీసిన గ్రంథిని బయాప్సీకి, అంటే అందులో క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూసే ల్యాబ్ పరీక్షకి పంపారు. మీరు వెళ్లే చోట పంపుతారో లేదో అడిగి తెలుసుకోండి.

తర్వాత కష్టమైంది ప్రెషర్ వెస్ట్, అంటే ఛాతీని బిగించి పట్టి ఉంచే బనియన్. కొన్ని వారాలు రాత్రీ పగలూ వేసుకునే ఉండాలి, మే నెల హైదరాబాద్ ఎండలో అది నరకమే, కుదిరితే చలికాలంలో పెట్టుకోండి. ఆఫీసుకి తొందరగానే వెళ్లగలిగాను, బరువులెత్తడం మాత్రం నెల దాటాకే. ఇప్పుడు టీషర్ట్ ఒక్కటే వేసుకుని బయటికి వెళ్తున్నాను, లోపల రెండు బనియన్లు లేవు.

బాగోలేనివి కూడా చెప్పాలి. పార్కింగ్ లేదు, మెట్రోలో రావడమే నయం. సాయంత్రం ఓపీ ఎప్పుడూ ఆలస్యమే. అన్నిటికంటే బాధ అనిపించింది రిసెప్షన్ దగ్గర, హాలంతా వినపడేలా "గైనకోమాస్టియా ఎవరండీ" అని పిలవడం. ఫైల్ నంబర్‌తో పిలిస్తే సరిపోతుంది కదా, దయచేసి ఇది మార్చండి.

డబ్బు విషయంలో దాపరికం లేదు, థియేటర్, మత్తు డాక్టర్, వెస్ట్, బయాప్సీ దేనికదే ఎస్టిమేట్‌లో రాసిచ్చారు, కాస్మెటిక్ కింద పడే 18 శాతం జీఎస్టీతో సహా. నా ఇన్సూరెన్స్ వాళ్లు కాస్మెటిక్ అని ఒప్పుకోలేదు, చాలా పాలసీల్లో ఇదే పరిస్థితి. అంత పెట్టలేని వాళ్లు ఉస్మానియా ఆసుపత్రిలో గానీ నిమ్స్ ఆసుపత్రిలో గానీ ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో అడిగి చూడండి.

ఒక్క పక్కే పెరిగి రాయిలా గట్టిగా ఉన్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగేసినట్టున్నా, చంకలో గడ్డ తగిలినా ఈ రివ్యూలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కి చూపించండి, రొమ్ము క్యాన్సర్లలో దాదాపు ఒక శాతం మగవాళ్లకే వస్తుంది. మిగతావాళ్లు ఇక్కడికి వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తెచ్చుకోండి, జిమ్‌లో తీసుకునే పౌడర్ డబ్బా ఉంటే దాని లేబుల్ ఫోటో కూడా, డాక్టర్ గారు తప్పకుండా అడుగుతారు.