ఫ్యాను వినబడని చవక డబ్బా: ఇంట్లో పాటల రికార్డింగుకి పాత మినీ పీసీ

ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికి తక్కువలో కంప్యూటర్ కావాలంటే అందరూ ముందు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మైకు ఆన్‌లో ఉన్నప్పుడు దాని ఫ్యాను వినబడుతుందా, లేదా? ఈ డబ్బా మీద నాకున్న ఇష్టమంతా అక్కడే ఉంది.

ఆఫీసుల్లో వాడి తీసేసిన మినీ పీసీ ఇది. ఇంటెల్ 8వ తరం ఐ5-8500టి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. 6, 7 తరాలవి ఇంకా చవగ్గా దొరుకుతాయి గానీ, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. చివర్లో ‘టి’ ఉందో లేదో చూసి మరీ కొనండి. టి ఉన్నది 35 వాట్ల రకం, లేనిది 65. వాట్లు పెరిగితే వేడి, వేడి పెరిగితే ఫ్యాను.

కోనసీమ ఇళ్లల్లో రికార్డింగుకని వేరే గది ఎక్కడుంటుందండీ? పాడే మనిషి, మైకు, కంప్యూటర్ అన్నీ ఒకే గదిలో. సీలింగు ఫ్యాను ఆపాలి, లేదంటే సన్నటి చప్పుళ్లు కూడా పట్టే కండెన్సర్ మైకు ఆ గాలినీ పట్టేస్తుంది. కిటికీలు మూయాలి, లేదంటే వీధిలో ఆటోలు, వానాకాలమైతే కాలవ గట్టు మీద కప్పలు. దాంతో గది ఉడికిపోతుంది. గది ఉడికేకొద్దీ కంప్యూటర్ ఫ్యాను వేగం పెరుగుతుంది. పల్లవిలో లేని ‘సుయ్’మనే చప్పుడు రెండో చరణానికల్లా వచ్చి చేరుతుంది. నాయిస్ రిడక్షన్ పెట్టి తీసేస్తే పోదా అంటారు. పోతుంది, కాని హార్మోనియం శ్రుతి చివర, గొంతు సన్నగా జారే చోట ఉండే అందం కూడా దాంతోపాటే పోతుంది.

ఈ డబ్బా కూడా కొత్తలో అలాగే మోగేది. మార్చింది ఒక్క సెట్టింగు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ఆ కింద ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. అక్కడ మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 99కి దించాలి. ఒక్క శాతానికి ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, 100 కన్నా తగ్గగానే టర్బో బూస్ట్ ఆగిపోతుంది. 3.5 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరే ప్రాసెసర్ 2.1 దగ్గరే నిలబడుతుంది. వేగం ఎగిరినప్పుడు దానికి అందే వోల్టేజీ కూడా పెరుగుతుంది, అందుకే ఆ కాస్త వేగానికి అంత వేడి. ఎగురుడు ఆగాక ఫ్యాను తన కనిష్ఠ వేగం దగ్గరే ఉండిపోయింది. డబ్బాని బల్ల కింద, కార్డియాయిడ్ (ముందువైపు బాగా, వెనకవైపు చాలా తక్కువగా వినే) మైకు వెనకవైపు పడేలా పెడితే, హెడ్‌ఫోన్స్‌లో పెద్దగా పెట్టుకుని విన్నా ఎక్కడుందో తెలియదు. ఆ సెట్టింగ్ కనబడకపోతే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల్లో) టర్బో బూస్ట్‌నే ఆపొచ్చు.

2.1 సరిపోతుందా అని సందేహం రావచ్చు. రికార్డు చేసేటప్పుడు ప్రాసెసర్‌కి నిజానికి పెద్ద పనుండదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ. ఎనిమిది ట్రాకులు గంటసేపు రాసినా 4.1 జీబీకి కాస్త అటూ ఇటూ. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (ప్రాసెసర్ ఒక్కో విడతలో అందుకునే ధ్వని ముక్క) 128 శాంపిల్స్ దగ్గర గొంతు, హార్మోనియం, తబలా ఇబ్బంది లేకుండా రికార్డవుతున్నాయి. మిక్సింగ్‌కి వచ్చాక 100కి మార్చి, బఫర్ 1024 చేసుకోవడమే. అప్పుడు మైకు ఆపేసి ఉంటుంది, ఫ్యాను ఎంత మోగినా నష్టం లేదు. రెండు పవర్ ప్లాన్లు చేసి పెట్టుకుంటే ప్రతిసారీ లోపలికి వెళ్లి వెతుక్కోనక్కర్లేదు.

128 దగ్గర చిటపటలు వస్తే వెంటనే ప్రాసెసర్ చాలట్లేదని అనుకోకండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఏదైనా డ్రైవరు అంతకన్నా ఎక్కువసేపు ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటే ధ్వని తెగి ‘టిక్’మంటుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపితే ఆ డ్రైవరేదో చూపిస్తుంది. ఇక్కడ దొరికింది వైఫై. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ని డిసేబుల్ చేశాక చిటపటలు పోయాయి. పవర్ ఆప్షన్స్‌లోనే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాల్ని నిద్రపుచ్చే సెట్టింగు) కూడా ఆపేయండి. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా డబ్బా వెనక పోర్టుకే పెట్టండి.

ఫ్యాను వినబడదు అన్నాను గానీ, అది అన్ని నెలల మాట కాదు. మే నెల మధ్యాహ్నాలు 99 పెట్టినా సన్నగా వినబడుతుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామునే పని ముగించుకోవడం మేలు. పైగా దాళ్వా కోతల ధూళి, దగ్గర్లో కొబ్బరి పీచు మిల్లు ఉంటే ఆ నూగు, హీట్‌సింక్ రేకుల మధ్య చాపలా పేరుకుంటాయి. అప్పుడు ఏ సెట్టింగూ పనిచేయదు. వెనక ఉన్న స్క్రూ ఒక్కటి తీస్తే మూత జరుగుతుంది. ఫ్యాను రెక్కల్ని పుల్లతో కదలకుండా పట్టి బ్లోయరుతో ఊదాలి. పట్టకుండా ఊదితే రెక్కలు మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. థర్మల్ పేస్టు ఎండి పెళుసుబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేయాలి. ఇక్కడ అది వేశాకే డబ్బా మళ్లీ మొదట్లోలా నెమ్మదించింది.

లోటు అంటే బ్యాటరీ లేకపోవడమే. కరెంటు పోతే రికార్డింగు అక్కడికే. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని వెనక స్విచ్చు ఈకోలో కాకుండా యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి, లేదంటే మార్పిడికి పట్టే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే కంప్యూటర్ ఆగకపోయినా మైకు లైనులో జుమ్మని బజ్ రావచ్చు. ఆ విషయంలో బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌దే పైచేయి.

ఒక గొంతు, రెండు మూడు వాద్యాలు, భజన పాటలో చర్చి పాటలో జానపదాలో చేసుకునేవాళ్లకి, కరెంటు నికరంగా ఉండే ఇంట్లో, ఇదే కొనమంటాను. కీబోర్డు మీద ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసిపెట్టిన వాద్యాల ధ్వనులు) వాయించేవాళ్లయితే లెక్క మారుతుంది. అవి నడుస్తుండగానే గొంతు కూడా రికార్డు చేయాలంటే 99 దగ్గర ఊపిరాడదు. ర్యామ్ 32 జీబీ ఉండాలి, లేదా ఆ ట్రాకుల్ని ముందే ఫ్రీజ్ చేసుకోవాలి, అంటే మామూలు ఆడియోగా మార్చి పెట్టుకోవాలి. పల్లెలకు తిరిగి డప్పు, బుర్రకథ బృందాల్ని రికార్డు చేసేవాళ్లు దీని జోలికి రావొద్దు, ఆ డబ్బుకి 8వ తరం పాత ల్యాప్‌టాప్ ఒకటి చూసుకోండి, బ్యాటరీ ఎంతసేపు వస్తోందో దుకాణంలోనే ప్లగ్గు పీకి చూసి మరీ.