గీత దాటిన విమానం: కూల్చడమా, దించడమా, తోలేయడమా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పొద్దున్నే మేం టీ తాగే చోటుకి ఒక మామ వస్తాడు. ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఏ దేశం విమానం ఏ సరిహద్దు దాటిందని పేపర్లో పడినా గ్లాసు పట్టుకున్న అందరి తీర్పూ ఒక్కటే: "కూల్చీడమే! అడుగుతారేటి?" మామ మాత్రం నోరు విప్పడు. మొన్న నేనే ఉండబట్టలేక "ఏటి మావా, నువ్వేటంతావు?" అన్నాను.

"పరాయోడి గేదె నీ చేలో పడితే ఏటి చేస్తావు?" అన్నాడు.

ఊళ్లో పెరిగిన వాళ్లకి జవాబు తెలుసు. కర్ర పట్టుకుని అదిలించి బయటికి తోలేయొచ్చు. బందిలదొడ్డిలో కట్టేసి గేదె గలవాడి చేత జరిమానా కట్టించొచ్చు. కోపం పట్టలేకపోతే కాలు విరగ్గొట్టొచ్చు. ఆకాశంలోనూ ఈ మూడే.

కాలు విరగ్గొడితే ఏమవుతుందో టర్కీకి బాగా తెలుసు. 2015 నవంబర్ 24న సిరియా సరిహద్దులో రష్యా సుఖోయ్-24 బాంబర్‌ని టర్కీ ఎఫ్-16లు కూల్చాయి. ఐదు నిమిషాల్లో పదిసార్లు హెచ్చరించామని టర్కీ అంది. అసలు గీతే దాటలేదని రష్యా అంది. టర్కీ లెక్కనే తీసుకున్నా ఆ విమానం వాళ్ల గగనతలంలో ఉన్నది 17 సెకన్లు. సాయంత్రం పూట మా జంక్షన్ దాటడానికి ఆటోకి అంతకంటే ఎక్కువే పడుతుంది. పారాచూట్‌తో దిగుతున్న పైలట్ ఒలెగ్ పెష్కోవ్‌ని కిందనున్న తిరుగుబాటుదార్లు కాల్చి చంపారు. విమానంలోని రెండో మనిషిని కాపాడటానికి వెళ్లిన వాళ్లలో ఒక సైనికుడూ పోయాడు.

ఆ తర్వాత దెబ్బ పడింది టర్కీ రైతు మీద, హోటళ్ల వాళ్ల మీద. రష్యా తన టూరిస్టుల చార్టర్ విమానాలు ఆపేసింది, 2016 జనవరి నుంచి టర్కీ టమాటాలు కొనడం మానేసింది, సిరియాలోని తన స్థావరానికి విమానాల్ని కూల్చే ఎస్-400 క్షిపణులు తెచ్చిపెట్టింది. ఆ జూన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్ విచారం చెబుతూ రష్యా అధ్యక్షుడు పుతిన్‌కి ఉత్తరం రాశాకే పరిస్థితి కాస్త చల్లబడింది. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. 2012 జూన్‌లో సిరియా టర్కీ ఫాంటమ్ విమానాన్ని కూల్చినప్పుడు, కాసేపు సరిహద్దు దాటినంత మాత్రాన దాడి చేస్తారా అని మండిపడింది కూడా ఈ ఎర్దొగానే. మన గేదె అయితే ఒక న్యాయం, పక్కోడి గేదె అయితే ఇంకో న్యాయం.

మనమూ కూల్చాం. కార్గిల్ ముగిసి రెండు వారాలే అయిన 1999 ఆగస్టు 10న, కచ్ రణ్ దగ్గర పాకిస్తాన్ నేవీ అట్లాంటిక్ నిఘా విమానాన్ని మన మిగ్-21లు పడగొట్టాయి. 16 మంది చనిపోయారు. సైగలు చేసినా వినలేదని మనం చెప్పాం. శిక్షణలో ఉన్న విమానం, మా వైపే ఉందని వాళ్లు చెప్పారు. యుద్ధ విమానాలు, నిఘా విమానాలు ఎదుటివాళ్ల గగనతలానికి 10 కిలోమీటర్ల లోపుకి రాకూడదని 1991లోనే రెండు దేశాలూ రాసుకున్నాయి కాబట్టి అది అంత దగ్గరికి రావడం తప్పే. ఆ వేడిలో ఆ పైలట్ స్థానంలో నేనున్నా మీట నొక్కేవాణ్ణేమో. పాకిస్తాన్ హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకెక్కింది. ఈ కేసు వినే అధికారం మాకు లేదని 2000 జూన్‌లో కోర్టు చేతులు కడుక్కుంది. తప్పెవరిదో ఏ తీర్పులోనూ తేలలేదు.

మామ కూల్చడం అనగానే తల అడ్డంగా ఊపడానికి కారణం వేరే. 2019 ఫిబ్రవరి 27న మన పైలట్ అభినందన్ మిగ్ విమానం పాకిస్తాన్ వైపు పడిన రోజే, ఇటు కశ్మీర్‌లోని బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్ కూడా పడింది. కూల్చింది మన క్షిపణే. ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్లు, కింద ఒక పౌరుడు పోయారు. పెద్ద పొరపాటు జరిగిందని ఎయిర్‌ఫోర్స్ చీఫ్ తర్వాత ఒప్పుకున్నారు. "తెర మీద చుక్కే కదా బాబూ అవుపడతాది," అన్నాడు మామ, "చుక్కకి జెండా ఉండదు."

అందుకే నా ఓటు బందిలదొడ్డికి. మామ చేతులతో విమానాలు చేసి చూపిస్తే పక్క బల్ల వాళ్లు కూడా ఇటు తిరిగారు. మన విమానం ముందుకెళ్లి, కాస్త పైన, ఎడమ వైపు నిలబడి రెక్కలు ఊపుతుంది. నా వెనకే రా అని అర్థం. అవతలివాడూ రెక్కలు ఊపితే సరేనన్నట్టు. రన్‌వే మీద చక్రాలు దించి చుట్టూ తిరిగితే ఇక్కడ దిగమని. చటుక్కున పక్కకి తిరిగి పైకి లేచిపోతే ఇక నువ్వు వెళ్లొచ్చని. మాట కలపాలంటే 121.5 మెగాహెర్ట్జ్ ఉంది, ఏ దేశం పైలట్ అయినా వినాల్సిన అత్యవసర ఛానెల్.

1995 డిసెంబర్‌లో పురూలియాలో రాత్రిపూట పారాచూట్లతో ఆయుధాలు జారవిడిచిన విమానాన్ని కొద్ది రోజులకే బొంబాయిలో బలవంతంగా దించారు. కూల్చి ఉంటే అవి ఎవరు పంపారో అడగడానికి మనిషే మిగిలేవాడు కాదు. (అసలు మనిషి కిమ్ డేవీ ఎయిర్‌పోర్టులోంచే జారుకున్నాడనుకోండి. దొడ్డి ఉంది, తలుపు సరిగ్గా వేయలేదు.) 2019 మే 10న పాకిస్తాన్ వైపు నుంచి దారి తప్పి వచ్చిన జార్జియా కార్గో విమానం ఆంటొనోవ్-12ని సుఖోయ్-30లు జైపూర్‌లో దించాయి. విచారించి పంపేశారు. ఆ ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన విమానాలు చేసిన దాడి వేడి ఇంకా తగ్గని రోజులవి. ఒక్క వేలు తొందరపడి ఉంటే సరుకు తోలుకునే సిబ్బంది శవాలు మిగిలేవి.

దించడమంటే ఏమిటో మన జిల్లాకి వేరేగా చెప్పక్కర్లేదు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2018 నవంబర్‌లో నీళ్ల మీద కనబడని గీత దాటి పాకిస్తాన్‌కి దొరికిపోయారు. కరాచీ జైల్లో 14 నెలలు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు తిరగని ఆఫీసు లేదు. ఆ జైలు మంచిదని నేననను. కానీ 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మంది నడిచి ఇటు వచ్చారు. కాల్పులు జరిపి ఉంటే వాఘాకి ఎవరు వస్తారు? "కూల్చీడమే" అనే మా టీ బ్యాచ్‌లో ఒకడి బావమరిది ఇప్పటికీ అటే వేటకెళ్తాడు. ఆ మాట ఎత్తితే వాడు బన్ను మీద పడ్డాడు.

అయితే బందిలదొడ్డికి గేదె వస్తుంది, పులి రాదు. అవతలి ఫైటర్ పైలట్, మనం రెక్కలు ఊపితే వెనకొచ్చి దిగడు. వాడి విషయంలో మనకి మిగిలినది తోలేయడమే. 2025 సెప్టెంబర్ 19న మూడు రష్యా మిగ్-31లు ఎస్తోనియా గగనతలంలో 12 నిమిషాలు ఉంటే, నాటో కూటమి తరఫున అక్కడ కాపలా ఉన్న ఇటలీ ఎఫ్-35లు వెళ్లి బయటికి సాగనంపాయి. ఇదీ ఒక పనేనా అని చాలామంది ఎగతాళి చేశారు. టర్కీ 17 సెకన్లకి ఏం చెల్లించుకుందో చూశాక నాకైతే ఎగతాళి రాలేదు. బాంబులు వేయడానికే వస్తున్నాడని తెలిస్తే కూల్చాలి, అందులో వాదన లేదు.

ఇదంతా చెప్పాక మామ గ్లాసు కింద పెట్టి, "మరి డ్రోన్ వస్తే?" అన్నాడు.

ఎస్తోనియా సంగతికి పది రోజుల ముందే పోలండ్‌లోకి రష్యా డ్రోన్లు చొరబడ్డాయి, కొన్నింటిని కూల్చారు కూడా. లోపల మనిషి లేడు, రెక్కలు ఊపితే చూసేవాడు లేడు, అడగడానికి నోరు లేదు.

"దానికి బందిలదొడ్డి నేదు మావా," అన్నాను.

"అదీ," అని మామ ఆ పూట టీ డబ్బులు తనే ఇచ్చాడు.