మత్తడి ఉన్న తోట కోసం మూడు రోజులు

2023 జులై చివరి వారంలో వరంగల్ హంటర్ రోడ్డు వైపు ఉన్న మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. తగ్గాక చూస్తే పెరట్లో లాన్ మొత్తం కుళ్లిపోయి ఉంది. మళ్లీ వేయించాం. పై ఏడాది మే నెలలో బోరు ఎండి, ఆ కొత్త లాన్ కూడా వరిగడ్డి రంగుకు తిరిగింది. ఒకే పెరడు పది నెలల్లో ఒకసారి నీళ్లు ఎక్కువై, ఇంకోసారి నీళ్లు లేక చచ్చింది. రెండింటినీ తట్టుకునే పెరడు ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని అమ్మా నేనూ ఈ సెప్టెంబరులో, బతుకమ్మకు ముందు, ములుగు, నర్సంపేట వైపు తిరిగొచ్చాం.

హనుమకొండలో పొద్దున్నే ములుగు మీదుగా వెళ్లే బస్సు ఎక్కాం. మహాలక్ష్మి పథకం వల్ల ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇచ్చారు. జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి పాలంపేటకు షేర్ ఆటో పట్టుకోవాలి. నిండేదాకా కదలదు, మాకు అరగంట పట్టింది. మనుషులు ఎక్కువుంటే మొత్తం ఆటో మాట్లాడుకోవడమే మేలు.

రామప్ప గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గైడు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టిన తీరు ఆయన చెబుతుంటే అమ్మ రెండుసార్లు అడిగి మరీ విన్నది. చాలామంది గుడి చూసి అటే వెనక్కి పోతారు, చెరువు కట్ట మీదికి వెళ్లరు. మాకు అసలు పాఠం అక్కడే దొరికింది. ఈ వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలోనే 2023 జులైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందెప్పుడూ ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. కట్ట మీద నిలబడి అంత పెద్ద నీటిని చూస్తుంటే అమ్మ, "చెరువు కట్టినోళ్లు ముందుగాల మత్తడి జాగ చూస్తరు బిడ్డా. నీళ్లు నింపుడు ఎవలకైనా వస్తది, ఎక్కువైన నీళ్లను పంపుడే పని" అన్నది. మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే అలుగు. అమ్మ అన్న ఆ ముక్క మూడు రోజులూ నా వెంటే ఉంది.

ఆ రాత్రి దారిలోనే ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. పేరు చెప్పను. గదికి 3,500. ఏసీ, టీవీ, తెల్లటి దుప్పట్లు అన్నీ బాగున్నాయి. బయట ఎకరం లాన్, చుట్టూ గోడలా పెంచిన కోనోకార్పస్ చెట్లు. మధ్యాహ్నం రెండింటికి, నెత్తి మాడే ఎండలో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్లలో కొంత గాల్లోనే ఆవిరైపోతుంది. పెరుగుదల వేగం చూసి ఈ కోనోకార్పస్‌ను మన రోడ్ల మధ్య కూడా వరసలు వరసలుగా పెట్టారు. వేళ్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి దూరతాయని, పుప్పొడి ఊపిరికి పడదని గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నిషేధించింది. అయినా మా ఊళ్లో ఒక నర్సరీలో నాకు మొదట చూపించిన మొక్క ఇదే. పొద్దున లేచి గంటసేపు లాన్‌లో నడిచాం, ఒక్క పిట్ట అరుపు వినబడలేదు.

అమ్మ తన చేతిలోని లీటరు బాటిల్ ఆ గడ్డి మీద వంపింది. నీళ్లు గడ్డి పైపైనే జారి, నడిచే బాట దాటి, సిమెంటు కాలువలో పడ్డాయి. నేను వేలు గుచ్చి చూశాను, గోరు కూడా దిగలేదు. రోలర్ తిప్పి తిప్పి నేలను గచ్చులా చేశారు. మేనేజరును అడిగితే, "గెస్టులకు పచ్చగా కనబడాలి కదా మేడం" అన్నాడు. పాపం, ఆయన చెప్పిందీ నిజమే, మనమే ఫొటోలు చూసి బుక్ చేస్తాం. కానీ పక్క ఊరి బోర్లలో నీళ్లు లాగి ఎకరం గడ్డిని బతికించే చోటికి నేను మళ్లీ వెళ్లను.

రెండోరోజు లక్నవరం చెరువు. వేలాడే వంతెన, బోటు, చేపల వేపుడు, అన్నీ హాయిగా గడిచాయి. ఆదివారం మాత్రం వద్దు, వంతెన మీద కదలడానికి చోటుండదు. అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకుని తాడ్వాయి దాకా వెళ్లాం. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలికి ఈ అడవిలో వేల చెట్లు ఒక్కపూటలో కూలిపోయాయి. వేళ్లు నేల పైపొరలోనే పరుచుకుని ఉండటం కూడా ఒక కారణమని అటవీ అధికారులు అప్పట్లో చెప్పారు. ఆటో అన్న బండి ఆపి, ఎటు నుంచి ఎటు పడ్డాయో చేత్తో చూపించాడు. నర్సరీ కవర్లో ఏడాదిపాటు ముడుచుకుని వేళ్లు చుట్టలు తిరిగిన మొక్కను తెచ్చి ఇంటి పక్కన పెట్టుకునే ముందు ఆలోచించాలి అనిపించింది.

మల్లంపల్లి మీదుగా నర్సంపేట చేరేసరికి సాయంత్రమైంది. పాకాల వైపు, ఎర్ర చెల్క నేలలో నాలుగెకరాల తోటలో రెండు గదులు కట్టి అద్దెకిస్తున్న ఒక పెద్దాయన ఇల్లు మా రెండో బస. ఇద్దరికీ రెండు పూటల భోజనంతో 1,400. ముందు లోట్లు చెబుతాను. బాత్రూం బయట ఉంది, ఫోన్ సిగ్నల్ లేదు, రాత్రి ఎనిమిదికల్లా తినేయాలి. పచ్చిపులుసు, జొన్నరొట్టె, ఆ తోటలోదే బీరకాయ కూర పెట్టారు. సర్వపిండి అడిగితే పొద్దున చేసి పెట్టారు.

తెల్లారి ఆయన తోటంతా తిప్పి చూపించాడు. పొలం వాలుకు అడ్డంగా కందకాలు తీశాడు. తవ్విన మట్టిని దిగువ వైపు గట్టుగా వేసి, దాని మీద సీతాఫలం, నిమ్మ, మునగ, మధ్యమధ్య కంది పెట్టాడు. ప్రతి కందకం చివర గట్టును జానెడు తగ్గించి రాళ్లు పరిచాడు. నిండిన నీళ్లు ఆ రాళ్ల మీదుగా, మట్టి కొట్టుకుపోకుండా, కింది కందకంలోకి దిగుతాయి. చివరిది నిండితే కుంటలోకి. "మత్తడులా తాతా ఇవి?" అంటే, "మరేంది బిడ్డా! మత్తడి లేని చెరువు తెగుతది, మత్తడి లేని తోట కొట్టుకపోతది" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది.

గదులకు పడమటి వైపు వేప, కానుగ గుంపుగా ఉన్నాయి, ఎండ గోడల మీద పడదు. వంటింటి నీళ్లు అరటి, చేమ మళ్లలోకి పోతాయి. ఎక్కడా వట్టి మట్టి కనబడదు, రాలిన ఆకంతా చెట్ల మొదళ్లలోనే ఉంటుంది. నేరేడు చెట్టు కింద ఆ ఆకుల పరుపు పక్కకు తోసి చెయ్యి పెట్టాను. పైన పొడి ఆకులు, వాటి కింద సగం చివికినవి, అడుగున చల్లగా, నల్లగా, వేళ్ల మధ్య పొడిపొడిగా విడిపోయే మట్టి. గుప్పెడు తీస్తే మూడు వానపాములు వచ్చాయి. అమ్మ మళ్లీ లీటరు నీళ్లు వంపింది. నేను ఇరవై లెక్కపెట్టేలోపు చుక్క లేదు.

దోమల సంగతి అడిగాను, ఎందుకంటే రాత్రి కుట్టాయి. కందకంలో నీళ్లు రెండు మూడు రోజుల్లో ఇంకిపోతాయట. దోమ గుడ్డు రెక్కలు తొడగడానికి వారం పైనే పడుతుంది కాబట్టి అక్కడ పుట్టవు. కుంటలో చేపలున్నాయి. మరి మమ్మల్ని కుట్టినవి పక్క వరి మడి నుంచి వచ్చాయన్నాడు, అక్కడ ఆయన చేసేదేమీ లేదు.

పాకాల చెరువు కట్ట మీద గంట కూర్చుని నేను ఒక లెక్క వేశాను. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. మా 300 గజాల జాగా దాదాపు 250 చదరపు మీటర్లు. లక్ష్మీదేవిపేట వాన మా జాగాలో పడితే 1,62,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ముప్పై రెండు. ఏ ఇంకుడు గుంతా దాన్ని మింగదు. మామూలు వానను ఆపుకుని, ఇలాంటి వానను దారిన పంపేయాలి. గుంత తవ్వమని అందరూ చెబుతారు, మత్తడి పెట్టమని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నాలాల మీద, చెరువు నీళ్లు నిలిచే శిఖం జాగాలో కట్టిన ఇళ్ల వల్ల వచ్చే వరద మా పెరడుతో ఆగదని నాకు తెలుసు. కనీసం మా కప్పు మీద పడ్డ నీళ్లనైనా పక్కింటి మీదికి తోయకుండా ఉంటాం.

ఆ మూడోరోజే జనగామ వైపు ఏనెబావి కూడా వెళ్లాం. 2006లోనే రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకున్న పల్లె. ఉండటానికి లాడ్జీ, హోటలు ఏమీ లేవు, జనగామలో టిఫిన్ చేసి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. పొలం గట్ల మీద బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు తెల్లగా ఊగుతోంది. గడ్డిమందు కొట్టే ఊళ్లలో గునుగు ఇట్లా మిగలదు. మా గల్లీలో నిరుడు బతుకమ్మకు గునుగు కట్టలు కొనుక్కున్నాం, అదీ రంగు అద్దింది. తన చిన్నప్పుడు ఒడినిండా తెంపుకొచ్చేదాన్నని అమ్మ అక్కడే గట్టు మీద కూర్చుంది. ఒక అక్క మొక్కలు పీకి ఇచ్చి, "విత్తనం దులుపుకోని చల్లుకోండ్రి, అదే మొలుస్తది" అన్నది.

వచ్చే వారం వెనక పెరట్లో గచ్చు పగలగొట్టడానికి మేస్త్రీ వస్తున్నాడు. ఆరడుగులు పదడుగుల గుంత, అడుగున్నర లోతు, వీధి కాలువ వైపు జానెడు మత్తడి. చుట్టూ తంగేడు, నందివర్ధనం, ఒక కానుగ. లాన్ వేయడం లేదు. గునుగు విత్తనాలు అమ్మ కాగితంలో మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది, మృగశిర కార్తె దాకా అక్కడే ఉంటాయి.